ఇచ్చినవారి గడి

పోయిన నెలలో కుప్పం నుంచి రేవతి అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మదనపల్లెలో ఒకప్పుడు ఒక ట్రస్టు నడిపిన చిన్న పరిశోధన గ్రంథాలయం మూతబడ్డాక, అందులోని తాటాకు గ్రంథాలన్నీ కుప్పంలోని ఒక సంస్థకు చేరాయి. ఈ అమ్మాయి అక్కడ కూర్చుని ఒక్కొక్క ఆకునూ ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. ఏ కట్టలో ఏముందో, ఎవరింటి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి ఆమెకున్న ఆధారం ఒక్కటే: మా నాయన తయారుచేసిన సూచిక. నీలం అట్ట, వెన్ను ఊడిపోయిన కాపీ. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "ఎక్కించే ముందర ఒగసారి అడుగుదామని వచ్చినా మేడం. దీంట్లో తప్పులేమన్నా ఉండాయా?" అంది. కాఫీ పెట్టి వస్తానని వంటింట్లోకి పోయాను. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఇన్నేళ్ళూ భయపడ్డాను. ఎవరైనా అడిగితే బాగుండునని కూడా అన్నేళ్ళూ ఎదురు చూశాను.

మా నాయన హైస్కూలు తెలుగు పండితుడు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఆ గ్రంథాలయంలోని తాటాకులకు సూచిక రాసే పని నెత్తిన వేసుకున్నాడు. గ్రంథాలయమంటే పెద్ద భవనమేమీ కాదు, రెండు గదులు. వానొస్తే రెండింటికీ సమానంగా కారేవి. అందుకని ట్రస్టువాళ్ళు కట్టల్ని నాలుగైదు చొప్పున మా ఇంటికే పంపేవాళ్ళు. నేను అప్పుడే డిగ్రీ ముగించి, లైబ్రరీ సైన్సు కోర్సు చేసి, ఉద్యోగానికి ఎదురు చూస్తూ ఉన్నాను. నాయన చెప్తుంటే కార్డుల మీద రాసేది నేనే. ఇప్పటికీ నిమ్మగడ్డి నూనె వాసన ఎక్కడ తగిలినా నాకు మా నడవ గుర్తొస్తుంది. ఆకులకు పట్టిన దుమ్ము మెత్తటి కుంచెతో దులిపి, నూనె రాసి, నీడపట్టున పాత పంచె మీద పరిచేవాళ్ళం. అక్షరాలు కనబడకపోతే అమ్మ ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టి ఇచ్చేది. దాన్ని చిక్కుడాకు పసరులో కలిపి ఆకు మీద రుద్ది తుడిస్తే, గంటంతో గీసిన గీతల్లో మసి నిలిచి, వెలిసిపోయిన అక్షరాలు లేచి వచ్చేవి. ఆ పని జరిగే పూట ఇంట్లో పోపు పెట్టకూడదు, ఫ్యాను వేయకూడదు, చుట్టాలొస్తే వీధి అరుగు మీదే కూర్చోవాలి. "మీ ఇంటికొస్తే ఆకులకున్న మర్యాద మనుషులకు లేదు" అని మా మేనత్త ఎన్నిసార్లు దెప్పిందో.

నాయనకు కొన్ని పట్టింపులుండేవి. చేతులు కుంకుడు రసంతో కడుక్కుంటే గానీ ఆకు ముట్టడు. ఏ కట్ట విప్పినా చివరి ఆకు ముందు చదువుతాడు. రాసినవాడు తన పేరు, ఊరు చెప్పుకుంటే అక్కడే చెప్పుకుంటాడని. నేను ఎప్పుడైనా తొందరపడి, "ఇది ఫలానా గ్రంథమే నాయనా, నాకు తెలుసు" అంటే కళ్ళద్దాల మీదుగా చూసేవాడు. "ఆకు చెప్పింది రాయి. నీకు తెలిసింది రాయొద్దు" అనేవాడు. కార్డులో గడులు గీసి ఉండేవి. గ్రంథం పేరు, రాసినవారు, ఆకుల సంఖ్య, సమగ్రమా అసమగ్రమా, ఆకుల స్థితి. ఆఖరున ఇచ్చినవారు. మిగతా గడుల్లో ఏది తప్పుపోయినా మళ్ళీ ఆకులు విప్పి చూసి దిద్దుకోవచ్చు. ఇచ్చినవారి పేరు మాత్రం ఆకుల మీద ఉండదు. అది మన చేతిలో తప్పితే ఇక తప్పినట్టే. ఈ సంగతి నాకు అప్పట్లో తెలియదు.

గంగులమ్మ ఒక పగటిపూట వచ్చింది. పెద్దపంజాణి అవతల ఒక పల్లె ఆమెది. పుంగనూరులో బస్సు మారి, మా ఇల్లు అడిగి పట్టుకుని వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. పాతచీర ముక్కలో చుట్టిన కట్టను చంటిబిడ్డను దించినట్టు అరుగు మీద దించింది.

"ఆకులిస్తే ఇచ్చినోళ్ళ పేరు బుక్కులో ఏస్తారంట గదా అయ్యోరా?" అని అడిగింది మా నాయనను.

"వేస్తామమ్మా. కట్ట ఎవరిది?"

"మా మామది. చిన్నపరెడ్డి. పసువుల మందులు రాసిండాడు దీంట్లో. గొంతువాపుకు, పొదుగువాపుకు, గాలికుంటుకు, అన్నిటికీ. నేను తొమ్మిదేండ్లకు కాపురానికొచ్చినా. ఆయప్ప కాళ్ళు బార్లా చాపుకొని కూసోని గంటంతో గీకతా ఉంటే నేను ఆకులు అందిస్తా ఉంటి. ఆ సుట్టు ఇరవై ఊర్లోళ్ళు ఆవుల్ని, ఎనుముల్ని తోలుకొని మా గడపకొస్తా ఉండిరి. ఒగరి కాడ ఒగ గింజ తీసుకున్న మనిషి కాదు. ఒగరి సొమ్ము ముట్టిన మనిషి కాదు."

నాయన అలవాటు కొద్దీ చివరి ఆకు తీశాడు. పేరు లేదు. ఆ మాటే చెప్పాడు.

"రాసుకోలేదయ్యా. పసువుల మందుకు పేరేల అనె" అంది గంగులమ్మ. మళ్ళీ తనే చెప్పింది. "మాకు పిల్లలు కలగలా. మా ఇంటాయన పొయ్యి పదేండ్లాయ. నాతో ఆ ఇల్లు సరి. మా మామ పేరు యాడా లేకుండా పోతాదని నా బాద. దుడ్డు గిడ్డు నాకేమీ వద్దు. పేరు ఒగటి అచ్చులో పడనీ."

నాయన లేచి, రిజిస్టరు తెప్పించి, ఆమె ముందే రాశాడు. నలభై ఒకటో నంబరు, పశువైద్యం, ఇచ్చినవారు చిన్నపరెడ్డి గారి ఇంటివారు. రాసింది చదివి వినిపించాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి ఆ రిజిస్టరుకు మొక్కింది. నలభై రెండో నంబరు ఆ వారంలోనే కుప్పం నుంచి వచ్చింది. అదీ పశువైద్యమే. ఒక కూరగాయల మండీ శెట్టి అటక దులిపిస్తుంటే దొరికిందని లారీ డ్రైవరు చేత పంపాడు. అది ఏ తరం కట్టో, ఎవరు రాశారో ఆయనకు పట్టలేదు. రెండు కట్టలూ ఒకే కొలత. రెంటి చివరి ఆకుల్లోనూ పేరు లేదు. పాడి మీద బతికే మా వైపు ఏ పాత ఇల్లు వెతికినా పశువైద్యం కట్ట ఒకటి దొరికేది.

అవి దసరా రోజులు. మా ఇంట్లో సరస్వతీ పూజకు పుస్తకాలు పెడితే విజయదశమి పొద్దున ఉద్వాసన చెప్పేదాకా వాటిని తెరవకూడదు, ఎవరూ ఏమీ చదవకూడదు, రాయకూడదు. ఆ ఏడు నలభై ఒకటి, నలభై రెండు కట్టల ఆకులు నూనె రాసి నడవలో పరిచి ఉన్నాయి. నూనె ఆకుల్ని పూజగదిలో పెడితే ఎలుకలొస్తాయని అమ్మ ఒప్పుకోలేదు. ఆకులకు బదులు, కట్టకు అటూ ఇటూ బిగించే చెక్కల్ని మాత్రం తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి పీట మీద పెట్టింది. ఆకులకు విడిగా నంబరు వేసే అలవాటు మాకు లేదు. నంబరు చీటీ అతికించేది ఆ చెక్కల లోపలి వైపే. దశమి పొద్దున మేనత్త వాళ్ళింటికి పోయే హడావిడి. బయట ఆటో నిలబడి ఉంది. నాయన స్నానానికి పోతూ, "కట్టలు బిగించేయమ్మా, ఏది ఏదో చూసుకో" అన్నాడు. చెక్కల్ని అమ్మ పీట మీంచి తీసి ఇచ్చింది గానీ, పుస్తకాలకు ఉద్వాసన ఇంకా చెప్పలేదు. ఆకు చదివి చూసుకుందామంటే చదవకూడదు. ఎడమ పక్కవి నలభై ఒకటి, కుడి పక్కవి నలభై రెండు అని నేనే పరిచాను కదా అనుకున్నాను. మధ్యలో అమ్మ వాన జల్లు కొడుతోందని పంచెల్ని లాగి అటువి ఇటు పరిచిందట. ఆ మాట ఆమె ఎప్పుడో నెలల తర్వాత ఏదో కబుర్లలో అంది. అప్పుడైనా నా మనసులో చిన్న ముల్లు గుచ్చుకోవాల్సింది. గుచ్చుకోలేదు.

సూచిక అచ్చయి వచ్చిన రోజు మా ఇంట్లో పాయసం చేశారు. ముందుమాటలో నాయన, "ఒక్క గడి కూడా తప్పుపోకుండా రాసిపెట్టిన నా కుమార్తె" అని నా పేరు వేశాడు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్తే నవ్విపోతారు. వారం తిరక్కుండా గంగులమ్మకు నా చేత పోస్టుకార్డు రాయించాడు నాయన. ఆమె మరుసటి వారమే వచ్చింది. ఈసారి కొత్త చీర కట్టుకుని వచ్చింది. నాయన పుస్తకం తెరిచి, పేరున్న చోట ఆమె వేలు పట్టి పెట్టి చూపించాడు. ఆమె ఆ అక్షరాలను వేలితో నిమిరింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒగసారి ఆ ఆకులు గూడా సూసుకోని పోతా అయ్యోరా" అంది. నాయన మనిషిని పంపి నలభై ఒకటో కట్ట తెప్పించాడు.

ఆమెకు చదువు రాదు. ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పింది, అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. "ఇది మాది కాదయ్యా" అంది.

నాయన నవ్వాడు. "నీదేనమ్మా. నంబరు చూడు. పశువైద్యమే."

"మా దాన్లో దూడ కొరికిన ఆకు ఒగటుండాది. మా మామ ఆకులు ఆరబెట్టి లేసిపోతే, ఆవుదూడ వచ్చి ఒగదాని కొస నమిలె. నేను కాపలా ఉండి సూసుకోలేదని మా అత్త నన్ను కొట్టె. ఆ ఆకును నేను మర్సిపోతానా?"

నాకు నలభై రెండో కార్డు గుర్తొచ్చింది. దసరా అయ్యాక అందులో, ఆకుల స్థితి గడిలో, నేనే రాశాను: ఒక ఆకు కుడి కొస ఎలుక కొట్టినది. ఎలుక కొడితే అంచు రంపంలా ఉంటుంది. ఆ ఆకు కొస పీచు పీచుగా నలిగి ఉండటం నా కళ్ళతో చూసి కూడా, తాటాకును ఎలుకలు తప్ప ఏం కొడతాయిలే అని ఎలుకే అని రాశాను. ఆకు చెప్పింది వదిలేసి నాకు తెలిసింది రాశాను. అప్పుడు నోరు తెరిచి, "నాయనా, నలభై రెండు తెప్పించు" అనుంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

నాయన ఆమెతో మెత్తగానే మాట్లాడాడు. అరవై ఏళ్ళ కిందటి మాట, జ్ఞాపకం పొరబడుతుంది, ఏ ఆకో ఎక్కడో జారి ఉంటుంది అన్నాడు. ఆమె వాదించలేదు. పుస్తకం కాపీ ఒకటి ఆమెకివ్వమని నాకు సైగ చేశాడు. నేను ఇవ్వబోతే గంగులమ్మ రెండు చేతులూ వెనక్కి తీసుకుంది.

"వద్దమ్మా. ఒగరి సొమ్ము మీద మా మామ పేరు ఏసినారు. ఆయప్ప బతికుంటే ఒప్పుతాడా?" అంది.

ఆ పుస్తకం నా చేతిలోనే ఉండిపోయింది. ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగి పోతుంటే నాయన, "పాపం, ముసలామె" అన్నాడు. ఆ జాలి ఆమెకు చెందాల్సింది కాదు, నాకు చెందాల్సింది. అప్పటికి పుస్తకం ఊళ్ళకు, విశ్వవిద్యాలయాలకు, ఎక్కడెక్కడి గ్రంథాలయాలకో పోస్టులో పోయింది. దిద్దాలంటే అన్నింటికీ తప్పొప్పుల కాగితం పంపాలి. నాయన పరువు పోతుందని ఊరుకున్నాను అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ నెలలోనే నాకు కుప్పంలో ఒక కాలేజీ లైబ్రరీ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. ముందుమాటలో నా పేరున్న పేజీ మడిచిపెట్టుకుని పోయాను. ప్రిన్సిపాల్ అదే పేజీ చదివి, "ఒక్క గడి కూడా తప్పలేదా?" అని మెచ్చుకున్నాడు. ఉద్యోగం వచ్చింది.

కుప్పం నుంచి రెండు వారాలకోసారి మదనపల్లెకు వచ్చేదాన్ని. బస్సు పలమనేరు దాటి పుంగనూరు వస్తుంది. దారిలో పెద్దపంజాణి వైపు చీలే రోడ్డు కనబడగానే కిటికీ పక్క నుంచి మొహం తిప్పుకోవడం అలవాటైంది. ఒకసారి పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సు కోసం నిలబడి ఉంటే, ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. గంగులమ్మ. చేతిలో వేరుశనక్కాయల సంచి.

"బాగుండావామ్మా? నాయన బాగుండాడా?" అని అడిగింది. ఆ గొంతులో ఏ కోపమూ లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. సంచిలోంచి దోసెడు కాయలు తీసి నా హ్యాండ్‌బ్యాగులో పోసింది. తర్వాత అడిగింది. "ఆ బుక్కులో మార్చినారామ్మా?"

"మారుస్తారవ్వా. మళ్ళీ అచ్చేసినప్పుడు" అన్నాను.

"మార్చినాక ఒగ కార్డు ముక్క రాయమ్మా. ఎవురి సేతనన్నా సదివించుకుంటా. పేరు తీసేసినా పర్వాలేదు. దొంగసొమ్ము మీద మాత్రం వద్దు."

బస్సు వచ్చింది. ఎక్కాను. సీటు దొరికినందుకు సంతోషించానని రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అదే నిజం.

నాయనకు చూపు తగ్గాక పగలంతా నడవలో వాలుకుర్చీలో పడుకునేవాడు. చూపు పోయాక చేత్తో ఆకులు తడమడం నేర్చుకున్నాడు. ఒక సెలవు రోజు ఉన్నట్టుండి అడిగాడు. "ఆ పెద్దపంజాణి ఆమె చెప్పింది నిజమేనా అమ్మా? ఈ మధ్య నాకు అదే తోస్తోంది. చేత్తో పట్టుకుంటే మనిషికి తెలుస్తుంది. తప్పయితే చెప్పు. కాగితం ముక్క అచ్చు వేయించి పంపిద్దాం, ఎంత సేపు?"

నాకు దొరికిన చివరి అవకాశం అది. నన్ను తిట్టనన్నట్టే అడిగాడు. తండ్రి దగ్గర తప్పు ఒప్పుకోవడానికి అంతకంటే మెత్తటి దారి ఎవరికి దొరుకుతుంది? "లేదు నాయనా. ఆమే పొరబడింది" అన్నాను. ఆయన తల ఊపాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. నమ్మాడో, నన్ను నమ్మినట్టు ఉండాలనుకున్నాడో తెలియదు. మూడేళ్ళకు పోయాడు. గంగులమ్మ అంతకు ముందే పోయిందని పుంగనూరులో ఎవరో చెప్పారు. ఆ ఇంటి గోడలు కూలి, చోటు మాత్రం మిగిలిందట.

రేవతికి ఇదంతా చెప్పాను. కాఫీ చల్లారిపోయింది. ఆ పిల్ల నన్ను ఓదార్చలేదు, తప్పూ పట్టలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, "ఆధారం కావల్ల గదా మేడం" అంటూ నలభై రెండో కట్ట ఫోటోలు వెతికింది. కొస నలిగిన ఆకును తెర నిండా పెద్దది చేసింది. నేను పల్లెదాన్ని కాను, ఆ పిల్ల పాడి ఉన్న ఇంటి పిల్ల. చూడగానే, "ఇది ఎలక కాదు మేడం, దూడ. ఎలకయితే కొరుకుతాది, దూడయితే నముల్తాది. ఈడ సూడండి, పీచు లేసిండాది" అంది. అది నా చేతిలో ఉన్నప్పుడు కూడా అలాగే ఉంది. చూసీ ఎలుకని రాశాను.

మా రోజుల్లో ఒక తప్పు అచ్చయిందంటే రాయి మీద గీత. ఇప్పుడు రెండు వేళ్ళు కదిపితే సరి. నలభై ఒకటి, నలభై రెండు ఇటువి అటు మారిపోయాయి, చెక్కలు మార్చినంత సులభంగా. ఆ సులువు చూస్తే నాకు భయం వేసింది. పాత తప్పు ఆనవాలు లేకుండా పోతే, ఒక ముసలామె చెప్పింది నిజమని, మేం ఆమెను పొరబడిందన్నామని కూడా తెలియకుండా పోతుంది. "తప్పును కూడా ఉంచమ్మా. రాసింది నేనని రాయి. దిద్దింది ఎవరో కూడా రాయి" అన్నాను.

"దిద్దింది మీరే గదా?"

"నేను కాదు. గంగులమ్మ."

టైపు చేస్తూ అడిగింది. "ఆయమ్మ ఇంటిపేరు?"

నాకు తెలియదు. రెండుసార్లు మా అరుగు మీద కూర్చున్న మనిషి, నా బ్యాగులో కాయలు పోసిన మనిషి. మామ పేరు అడిగి రాసుకున్నాం గానీ, ఆమె ఇంటిపేరు నాయనా అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆ ఊళ్ళో ఎవరున్నారో తెలియదు. రేవతి గంగులమ్మ అని మాత్రం పెట్టి, మరో గడికి వచ్చింది.

"రికార్డు మారిస్తే ఇచ్చినోళ్ళకు ఒగ లెటర్ పంపాల మేడం, మా రూలు. ఎవురికి పంపేది?"

ఆమె వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి. పంపడానికి ఎవరూ లేరమ్మా అన్నాను.